అంటు కట్టాక నీళ్లు పోసేదెవరు?

నూజివీడు ప్రాంతంలో మామిడి అంటు కట్టేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. టెంక నుంచి మొలిచిన మొక్క ఒకటి, దాని మీద కట్టిన బంగినపల్లి కొమ్మ మరొకటి. కాయ రుచి కొమ్మను బట్టి, చెట్టు నిలకడ వేరును బట్టి ఉంటుంది. అంటు అతుక్కున్నాక కూడా కింద వేరు మొక్క నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచాలి. తుంచకపోతే కొన్నేళ్లకు బంగినపల్లి బలహీనపడి, పేరు తెలియని టెంక మామిడి పైకి లేస్తుంది.

క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ పైప్‌లైన్‌కు సొంత ఎక్స్‌టెన్షన్ రాయడం ఇలాంటి పనే. పైప్‌లైన్ ఎవరిదో కంపెనీది. దాని మీద మనం కట్టే కొమ్మ మన అవసరానిది. ఆ కొమ్మ కట్టాలా వద్దా, కడితే ఏ పద్ధతిలో కట్టాలి, కట్టాక ఎవరు చూసుకోవాలి అనే చర్చ ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. ఈ అయిదారేళ్లలో భద్రత గొడవ కూడా వచ్చి చేరడంతో అది బాగా చిక్కుపడింది. మన ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో చాలామందికి ఉద్యోగంలో చేరిన కొద్ది నెలల్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. అందుకే ఒకసారి మొదటి నుంచి చూడడం అవసరం.

పైప్‌లైన్, దానికి తగిలించే కొమ్మ

ప్రోగ్రామర్ రాసిన కోడ్ వాడుకరి దాకా చేరాలంటే కొన్ని దశలు దాటాలి. కోడ్‌ను కూర్చి ప్రోగ్రాముగా మలచడం బిల్డ్. ఆపైన పరీక్షలు, భద్రతా తనిఖీ, ప్యాకేజీ కట్టడం, చివరికి సర్వర్ల మీదికి పంపడం. మనిషి చేయి పెట్టకుండా వీటన్నిటినీ వరసగా జరిపించేదే పైప్‌లైన్. క్లౌడ్ పైప్‌లైన్‌లో సాధారణంగా ప్రతి పనికీ ఒక కొత్త యంత్రం పుడుతుంది, పని కాగానే మాయమవుతుంది. కాబట్టి పనికి కావలసిన సరంజామా ప్రతిసారీ కొత్తగా దింపుకోవాలి.

తయారుగా దొరకని దశ ఒకటి కావలసి వచ్చినప్పుడు రెండు దారులున్నాయి. అక్కడికక్కడ నాలుగు వరసల స్క్రిప్టు రాసి ముగించవచ్చు. లేదా ఆ పనిని పేరు, వెర్షన్, ఇన్‌పుట్లు ఉన్న ఒక వస్తువుగా కట్టి, ఏ బృందమైనా ఒక్క వరసలో పిలుచుకునేలా చేయవచ్చు. పైప్‌లైన్ పనిముట్టును బట్టి ఆ రెండో వస్తువునే జెంకిన్స్‌లో ప్లగిన్ అంటారు, అజూర్ డెవాప్స్‌లో ఎక్స్‌టెన్షన్ అంటారు, గిట్‌హబ్‌లో యాక్షన్ అంటారు, సర్కిల్‌సీఐలో ఆర్బ్ అంటారు.

ఇరవై ఏళ్ల ప్రయాణం

2001లో వచ్చిన క్రూయిజ్‌కంట్రోల్ ఈ రకం పనిముట్లలో తొలితరానిది. అసలు మలుపు తిప్పింది మాత్రం సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొహ్సుకె కవగుచి మొదలుపెట్టిన హడ్సన్. ఒరాకిల్ సన్‌ను కొన్నాక తలెత్తిన వివాదంతో 2011లో అదే జెంకిన్స్ అయింది. కవగుచి తీసుకున్న నిర్ణయం ఒకటి ఈ రంగం తీరునే మార్చింది: గుండెకాయను చిన్నగా ఉంచి, మిగతాదంతా ప్లగిన్లకు వదిలేయడం. ఎవరికి ఏది కావాలంటే అది జావాలో రాసుకుని తగిలించుకున్నారు. ఆ సంఖ్య 1,800 దాటిపోయింది. జెంకిన్స్ అంత విస్తరించడానికి కారణం అదే, దాన్ని నడిపేవాళ్లకు తలనొప్పి తెచ్చిందీ అదే. ప్లగిన్ ప్రధాన సర్వర్ లోపలే, దాని ప్రాణంలో ప్రాణంగా నడుస్తుంది. ఒక ప్లగిన్ కొత్త వెర్షన్ కావాలంటే మరో నాలుగింటిని మార్చాలి. ఒకటి కూలితే మొత్తం కూలవచ్చు.

మైక్రోసాఫ్ట్ దారిలో జరిగిన కథ ఇంకా పాఠం లాంటిది. దాని టీమ్ ఫౌండేషన్ సర్వర్ అనే పనిముట్టు 2010 వెర్షన్‌లో బిల్డ్ మొత్తం జామల్ అనే భాషలో రాసిన వర్క్‌ఫ్లో. సొంత దశ కావాలంటే డాట్‌నెట్‌లో కస్టమ్ యాక్టివిటీ రాయాలి. చాలా సంస్థలు వాటి మీద ఎంతో శ్రమ పెట్టాయి. 2015 వెర్షన్‌లో కంపెనీ ఆ పద్ధతిని పక్కనపెట్టి, టాస్కుల మీద నడిచే కొత్త బిల్డ్ వ్యవస్థ తెచ్చింది. రాసిన యాక్టివిటీలు కొత్త వ్యవస్థలో పనికిరాలేదు. కొమ్మకు ఏ జబ్బూ లేదు, వేరు మొక్కనే పీకేశారు. ఎక్స్‌టెన్షన్ల మీద అనుమానం ఉన్నవాళ్లు నేటికీ చూపే ఉదాహరణల్లో ఇది బలమైనది.

ఆ కొత్త వ్యవస్థ ఉన్న క్లౌడ్ సేవే 2018 సెప్టెంబరులో అజూర్ డెవాప్స్‌గా పేరు మార్చుకుంది. దానిలోని పైప్‌లైన్స్ మీద పనిచేసిన బృందాల్లో హైదరాబాద్ బృందం ఒకటి. మైక్రోసాఫ్ట్ అక్కడ 1998లో తెరిచిన అభివృద్ధి కేంద్రం నుంచి వచ్చిన పని అది. ప్రపంచమంతా వాడే పైప్‌లైన్ టాస్కుల వెనుక మన ఊళ్లవాళ్ల చేయి ఉందని గుర్తుంచుకోవడం మంచిది. దీన్ని దూరదేశపు సంగతిగా చూడాల్సిన పని లేదు. అదే ఏడాది చివర్లో సర్కిల్‌సీఐ ఆర్బ్‌లు, 2019 నవంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చిన గిట్‌హబ్ యాక్షన్లు, 2024లో గిట్‌ల్యాబ్ కాంపొనెంట్ల కేటలాగ్ వరసగా వచ్చాయి. పేర్లు వేరైనా ఆలోచన ఒకటే: ఒకరు రాసిన దశను పదిమంది వాడుకోవాలి.

విప్పి చూస్తే

అజూర్ డెవాప్స్ ఎక్స్‌టెన్షన్‌ను విప్పితే లోపల ముఖ్యమైన ఫైళ్లు రెండు. మొదటిది మ్యానిఫెస్ట్. ప్రచురించేవారి పేరు, వెర్షన్, ఏయే అనుమతులు కావాలి, ఏం చేర్చబోతున్నాం అనేవి దీనిలో రాస్తారు. రెండోది టాస్క్ వివరం. దానికొక మారని గుర్తింపు సంఖ్య ఉంటుంది, ఇన్‌పుట్ల జాబితా ఉంటుంది, ఏ రన్‌టైమ్ మీద నడవాలో ఉంటుంది. అసలు పని జావాస్క్రిప్టులోనో పవర్‌షెల్‌లోనో రాస్తారు. టీఎఫ్‌ఎక్స్ అనే పనిముట్టుతో కట్ట కట్టి మార్కెట్‌ప్లేస్‌కు పంపుతారు. అందరికీ తెరవవచ్చు, లేదా సొంత సంస్థ వరకే పంచుకోవచ్చు. టాస్కే కానక్కరలేదు. డ్యాష్‌బోర్డ్ మీద చిన్న పలక, ఫలితాలు చూపే ట్యాబ్, విడుదలకు ముందు ఆపి చూసే గేట్ కూడా ఇలాగే చేర్చవచ్చు. డెకొరేటర్ అనే రకం ఇంకా శక్తిమంతమైనది. సంస్థలోని ప్రతి పనికీ ముందో వెనుకో తన దశను తానే దూర్చుకుంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వాడుకరి తన పైప్‌లైన్‌లో టాస్క్ ప్రధాన వెర్షన్ మాత్రమే రాస్తాడు, ఉదాహరణకు 2 అని. దాని కింద వచ్చే చిన్న మార్పులన్నీ అతణ్ని అడగకుండానే వచ్చేస్తాయి. మంచి దిద్దుబాటు అయితే ఒక్క పూటలో అందరికీ చేరుతుంది. తప్పు జరిగితే అదీ ఒక్క పూటలోనే అందరికీ చేరుతుంది. ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్ల బాధ్యత మామూలు స్క్రిప్టు రాసేవాళ్ల బాధ్యత కన్నా ఎందుకు బరువైనదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

రన్‌టైమ్ సంగతి చూడండి. అజూర్ టాస్కులు జావాస్క్రిప్టును నడిపే నోడ్ 6వ వెర్షన్‌తో మొదలై 10, 16, 20 దాకా మారుతూ వచ్చాయి. గిట్‌హబ్ యాక్షన్లు 12 నుంచి 16కు, 16 నుంచి 20కి మారాయి. ప్రతి మార్పుకూ ఎవరో ఒకరు కూర్చుని పాత ఎక్స్‌టెన్షన్‌ను తెరిచి, సరిచేసి, పరీక్షించి, మళ్లీ ప్రచురించాలి. రాసిన మనిషి ఉద్యోగం మారితే ఆ పని ఎవరిది?

వాదించేవాళ్లు ఎవరెవరు

మొదటి వర్గం ఎక్స్‌టెన్షన్ పక్షం. వీళ్ల మాట సూటిగా ఉంటుంది. యాభై బృందాలున్న సంస్థలో ఒకే భద్రతా తనిఖీని యాభై చోట్ల స్క్రిప్టుగా అతికిస్తే, ఏడాది తిరిగేసరికి యాభై రకాలుగా మారిపోతుంది. ఎక్స్‌టెన్షన్ అయితే ఒక్కచోట సరిచేస్తే చాలు. పైగా రహస్య కీలను భద్రంగా అందుకోవడం, ఫలితాన్ని ట్యాబ్‌లో చూపడం, సంబంధిత సేవలకు కనెక్షన్ ఇవ్వడం లాంటివి పైప్‌లైన్ యజమాని ఇచ్చిన మార్గంలోనే సులువు.

రెండో వర్గం స్క్రిప్టు పక్షం. పైప్‌లైన్‌లో ఏ తెలివీ ఉండకూడదంటారు వీళ్లు. తెలివంతా ప్రాజెక్టులోనే, మేక్ ఫైలులోనో మరో బిల్డ్ పనిముట్టులోనో ఉండాలి. ప్రోగ్రామర్ తన ల్యాప్‌టాప్‌లో నడిపిన ఆదేశాన్నే పైప్‌లైన్ కూడా పిలవాలి. అప్పుడే రేపు మరో కంపెనీ పైప్‌లైన్‌కు మారినా నష్టం ఉండదు. డాకర్‌ను తెచ్చిన సాలమన్ హైక్స్ 2022లో డాగర్ అనే పనిముట్టును తీసుకొచ్చినప్పుడు దాని వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే: పైప్‌లైన్‌ను మామూలు కోడ్‌గా రాయి, ఎక్కడైనా నడుపు. జామల్ యాక్టివిటీలు పోగొట్టుకున్న అనుభవం ఉన్నవాళ్లకు ఈ వాదన గట్టిగా తగులుతుంది.

మధ్యలో కంటైనర్ పక్షం ఉంది. డ్రోన్, టెక్టన్ లాంటి పనిముట్లు ప్రతి దశనూ ఒక కంటైనర్‌గా, అంటే కావలసిన సరంజామాతో సహా కట్టిన మూటగా, చూస్తాయి. ఏ భాషలో రాసినా సరే, ఇమేజ్‌గా కట్టి ఇవ్వు, నేను నడుపుతాను అంటాయి. రన్‌టైమ్ గొడవ చాలావరకు తప్పుతుంది. దింపుకునే బరువు మాత్రం పెరుగుతుంది.

ఈమధ్య బలపడుతున్నది టెంప్లేటు పక్షం. సంస్థలో ప్లాట్‌ఫామ్ బృందం ఒకటి ఉంటుంది. అది పైప్‌లైన్ నమూనాలు రాసి పెడుతుంది, మిగతా బృందాలు వాటినే పొడిగించుకుంటాయి. గిట్‌హబ్‌లో మళ్లీ వాడుకునే వర్క్‌ఫ్లోలు, జెంకిన్స్‌లో షేర్డ్ లైబ్రరీలు, అజూర్‌లో తప్పనిసరి టెంప్లేట్లు ఈ కోవలోవి. ఎక్స్‌టెన్షన్‌తో వచ్చే లాభాల్లో సగం ప్రచురణ శ్రమ లేకుండానే దొరుకుతాయి. కానీ సంస్థ గోడ దాటి బయటివాళ్లకు పంచడానికి ఇవి అంత అనువు కావు.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పంచుకోవడంలో ఎక్స్‌టెన్షన్‌ది పైచేయి, ఇల్లు మారడంలో స్క్రిప్టుది, రన్‌టైమ్ బెడద లేకపోవడంలో కంటైనర్‌ది, అదుపులో ఉంచడంలో టెంప్లేటుది. ఎక్కువ ఏళ్లు సాకాల్సింది మాత్రం ఎక్స్‌టెన్షన్‌నే. ఒక ప్రాజెక్టుకు, ఒక బృందానికి మాత్రమే కావలసిన పనికి ఎక్స్‌టెన్షన్ రాయడం వృథా ప్రయాస అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చాలా బృందాలకు అవసరమై, పైప్‌లైన్ ఇచ్చే సౌకర్యాలు లేకుండా కుదరని పని అయినప్పుడే దానికి అర్థముంది. అప్పుడు కూడా అసలు తర్కాన్ని విడిగా, ఎక్కడైనా నడిచే చిన్న ప్రోగ్రాముగా రాసి, ఎక్స్‌టెన్షన్‌ను దానిమీద పలుచని తొడుగులా ఉంచాలి. వేరు మొక్క మారినా కొమ్మను కోసి మరోచోట కట్టుకునే వీలుండాలి.

2021 తర్వాత మారిన లెక్క

భద్రత విషయం వచ్చేసరికి పాత వాదనలన్నీ కొత్తగా తూచాల్సి వచ్చింది. పైప్‌లైన్ చేతిలో సర్వర్ల తాళాలుంటాయి. దానిలో నడిచే ఏ దశకైనా ఆ తాళాలు చిక్కవచ్చు.

2021 జనవరి 31 నుంచి కోడ్‌కవ్ అనే సంస్థ వారి బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్టును ఎవరో మార్చి, వాడేవాళ్ల పైప్‌లైన్లలోని రహస్యాలను దొంగిలించారు. అది ఏప్రిల్ 1న గానీ బయటపడలేదు. పైకి అది స్క్రిప్టు. కానీ ఆ సంస్థ ఇచ్చిన గిట్‌హబ్ యాక్షనూ, సర్కిల్‌సీఐ ఆర్బూ లోపల అదే స్క్రిప్టును పిలిచేవి కాబట్టి అవీ దెబ్బతిన్నాయి. స్క్రిప్టు సురక్షితం, ఎక్స్‌టెన్షన్ ప్రమాదం అనే మాట అక్కడే వీగిపోయింది.

2025 మార్చిలో టీజే యాక్షన్స్ వారి చేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్‌కు జరిగింది ఇంతకన్నా పెద్దది. 23,000కు పైగా రిపాజిటరీలు దాన్ని వాడుతున్నాయి. దాడి చేసినవాళ్లు కొత్త వెర్షన్ విడుదల చేయలేదు. పాత వెర్షన్ల ట్యాగులనే తమ చెడ్డ కోడ్ మీదికి తిప్పారు. వెర్షన్ సంఖ్యను నమ్మినవాళ్ల రహస్యాలు లాగ్‌లలో అచ్చయ్యాయి. ఆ యాక్షన్ అసలు కోడ్‌కు వేలిముద్ర లాంటి పూర్తి హాష్ విలువను అప్పటికే రాసి పెట్టుకుని, దాన్ని మార్చని వాళ్లకు ఏమీ కాలేదు. మామిడి పెట్టె మీద అంటించిన చీటీకీ, లోపలి కాయకూ ఉన్న తేడా ఇది. చీటీని పీకి మరో పెట్టెకు అంటించవచ్చు.

జెంకిన్స్ లోకంలో సమస్య మరో రూపంలో ఉంది. అక్కడి భద్రతా ప్రకటనల్లో కొన్ని ప్లగిన్ల పక్కన, ప్రకటన వెలువడే నాటికి దిద్దుబాటు లేదు అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. చూసేవాళ్లు లేని ప్లగిన్లను దత్తత తీసుకోండని ఆ సమాజం బహిరంగంగా పిలుపునిస్తోంది. ప్రత్యేకంగా దత్తత గుర్తు కూడా పెట్టింది. రాసినవారు వెళ్లిపోయారని దాచకుండా చెప్పడం మిగతా మార్కెట్లు కూడా నేర్చుకోవలసిన పద్ధతి.

తెలుగు కోసం ఒక తనిఖీ

సొంత ఎక్స్‌టెన్షన్ నిజంగా ఎప్పుడు అవసరమో చెప్పడానికి మన భాషే ఉదాహరణ ఇస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను కూలగొట్టింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు, చివర దీర్ఘం: ఈ వరస సందేశంలో వస్తే యాప్ మూతపడేది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిచేసింది. భాష చేసిన తప్పు కాదది. ఇలాంటి అక్షరాల వరసను విడుదలకు ముందే పరీక్షించే దశ ఉంటే దొరికేది.

తెలుగు యాప్, ప్రభుత్వ పోర్టల్, పత్రికా వెబ్‌సైటు నడిపే ఏ బృందానికైనా ఇలాంటి తనిఖీల జాబితా పెద్దదే ఉంటుంది. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాల బయటి అక్షరాలు చొరబడ్డాయా? పాత అను ఫాంట్ల పాఠం యూనికోడ్‌గా మారకుండానే వచ్చిందా? ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కనిపించని విడదీత గుర్తు ఒకచోట ఉండి మరోచోట లేకపోవడం వల్ల వెతుకులాట విఫలమవుతోందా? అనువాదంలో పేరు, తేదీ పెట్టాల్సిన ఖాళీలు ఎగిరిపోయాయా? ఇంగ్లీషు కోసం తయారైన తనిఖీలకు ఈ ప్రశ్నలు తోచవు.

దీనికి దగ్గరి నమూనా వికీమీడియా దగ్గర ఉంది. తెలుగు వికీపీడియా కూడా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో అనువాద సందేశాల ఫైళ్లను బనానా చెకర్ అనే చిన్న పనిముట్టు పైప్‌లైన్‌లోనే పరీక్షిస్తుంది. అది ఏ కంపెనీ మార్కెట్‌ప్లేస్ ఎక్స్‌టెన్షనూ కాదు. ఎక్కడైనా నడిచే ప్రోగ్రాము. తెలుగు తనిఖీ కూడా అలా మొదలై, ఆపైన అజూర్‌కు ఒక తొడుగు, గిట్‌హబ్‌కు ఒకటి, గిట్‌ల్యాబ్‌కు ఒకటి తొడిగితే నాలుగు వర్గాల వాదనలకూ ఒకేచోట న్యాయం జరుగుతుంది.

ఇంకా తేలనివి

ఎక్స్‌టెన్షన్‌ను ఎలా పరీక్షించాలన్నది తేలలేదు. దాని తర్కాన్ని ల్యాప్‌టాప్‌లో పరీక్షించవచ్చు. పైప్‌లైన్ లోపల అది ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే మాత్రం అసలు పైప్‌లైన్‌లో పెట్టి చూడాల్సిందే. పైప్‌లైన్ పనిముట్ల మధ్య సహకారం, ఉమ్మడి ప్రమాణాల కోసం 2019లో కంటిన్యుయస్ డెలివరీ ఫౌండేషన్ ఏర్పడింది. కానీ ఒకరి టాస్క్ మరొకరి దగ్గర నడిచే రోజు ఇంకా రాలేదు. హాష్ రాసి పెట్టుకుంటే దాడి తప్పుతుంది గానీ, మంచి దిద్దుబాటు కూడా తనంతట రాదు. ఈ రెండింటి మధ్య సమతూకం ఏ సంస్థకు ఆ సంస్థ వెతుక్కుంటోంది.

అన్నిటికన్నా బరువైనది పాత ప్రశ్నే. రాసినవాళ్లు వెళ్లిపోయాక ఎవరు? కంపెనీల్లో జవాబు బడ్జెట్‌ను బట్టి ఉంటుంది. స్వచ్ఛంద సమాజాల్లో ఓపికను బట్టి ఉంటుంది. ఈ ప్రశ్నకు ప్రయోగం చేసి జవాబు వెతకడానికి అనువైన చోటు నూజివీడులోనే ఉంది. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది, పదో తరగతి అయిన పల్లె పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు ఒకేచోట చదివిస్తుంది. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ఏటా పైవాళ్లు వెళ్తారు, కిందివాళ్లు వస్తారు, మధ్యవాళ్లు ఉంటారు. ఒక ఎక్స్‌టెన్షన్‌ను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చే పని మామూలు కంపెనీలో అనుకోకుండా జరుగుతుంది. ఇక్కడ దాన్ని పాఠంలా, ఏటా తప్పకుండా జరపవచ్చు.

అక్కడి కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు ఒక విజ్ఞప్తి. చివరి ఏడాది ప్రాజెక్టుల్లో ఒకదాన్ని తెలుగు పాఠం తనిఖీకి కేటాయించండి. కోడ్ బహిరంగంగా ఉంచండి. దాన్ని చూసుకునేవాళ్లుగా ఆఖరి ఏడాది నుంచి ఒకరి పేరు, దాని కిందటి ఏడాది నుంచి ఒకరి పేరు రిపాజిటరీలోనే రాయండి. ప్రతి వేసవిలో మొదటి పేరు తీసేసి కొత్త పేరు చేర్చండి. కొత్త నోడ్ వెర్షన్ వచ్చినప్పుడు దానికి మార్చే పనికి మార్కులు వేయండి. 2005 నుంచి తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న స్వేచ్ఛ లాంటి సంస్థలను, తెలుగు వికీపీడియా రచయితలను తొలి వాడుకరులుగా పిలవండి. మొదటి వెర్షన్‌కు ఒక సెమిస్టరు చాలు.